మేకు మీది కోటు, కింది గొంతు

మా ఊళ్ళో మినదోరా గొంతు వినని చెవి లేదు. ఆ గొంతును ఒంటరిగా విన్న చెవి మాత్రం ఒక్కటీ లేదు.

జార్జియా దేశంలో మా గురియా కొండల్లో పాటంటే ముగ్గురు. ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు పైన అల్లుకుపోతారు, ఒకరు కింద నిలబడతారు. మినదోరాది ఎప్పుడూ కింది గొంతే. పెళ్ళిపందిట్లో కానీ, మొక్కజొన్న చేలో కలుపు తీసేటప్పుడు కానీ, మిగిలిన ఇద్దరూ ఎన్ని వంకర్లు తిరిగినా వాళ్ళ కాళ్ళ కింద నేలలా ఆమె ఉండేది. "ఒక్కసారి నువ్వెత్తుకోవే, నీ సొమ్మేం పోయింది?" అని ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపేది. సిగ్గు అనుకునేవాళ్ళు. సిగ్గు కాదు, భయం. పాట ఎత్తుకునే మనిషికి మొదటి మాట దగ్గర తోడెవరూ ఉండరు. ఆ కాస్తలోనే కడుపులో ఉన్నదంతా నలుగురి ముందూ పడిపోతుందని ఆమెకు చిన్నతనం నుంచీ బెదురు.

మొగుడు ఎర్మిలేకి ఒక్క కూనిరాగం కూడా వచ్చేది కాదు. కానీ వినడం వచ్చు. అతని చెల్లెలు కెసారియా ఎత్తుకుంటే, పక్కింటి పెలో పైన అల్లితే, భార్య కింది గొంతు పట్టుకుంటే, గుమ్మంలో కూచుని కళ్ళు మూసుకుని వినేవాడు. "నువ్వు ఆపితే ఇల్లు కూలిపోయేట్టుందే" అనేవాడు. ఆ మాటకు ఆమె లోపల్లోపల మురిసిపోయేది.

తరవాత యుద్ధం వచ్చి ఎర్మిలేని తీసుకుపోయింది. రెండేళ్ళకి అతను లేడన్న కాగితం వచ్చింది. మినదోరా ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. "శవం లేదు, సమాధి లేదు. ఎవడో గుమాస్తా రాసి పడేస్తే నా మొగుడు చచ్చిపోతాడా?" అంది. కొంతకాలం ఊరు ఊరుకుంది. కెసారియా ఊరుకోలేకపోయింది. అన్న కోసం ఏడవకుండా ఎన్నాళ్ళని ఉంటుంది?

శవం దొరకని మనిషికి మా వైపు ఒక పద్ధతి ఉంది. అతని బట్టలు మంచం మీద పరుస్తారు, చొక్కా చేతులు రెండు పక్కలా సర్దుతారు, చుట్టూ కూచుని పేరు పెట్టి పిలిచి ఏడుస్తారు. వదిన తేయాకు తోటకు వెళ్ళిన పూట కెసారియా వచ్చి అన్న పెళ్ళినాటి నల్ల కోటు మంచం మీద పరిచి శోకం ఎత్తుకుంది. తిరిగొచ్చిన మినదోరా ఆ కోటును లాగేసుకుంది. ఆడపడుచును భుజం పట్టుకుని వాకిట్లోకి నెట్టింది. "బతికున్నవాణ్ణి పడుకోబెడతావా నా ఇంట్లో?" అని అరిచింది. ఆ మర్నాడే మంచం తలవైపు గోడకు మేకు కొట్టి కోటును దానికి తగిలించింది. పడుకోకూడదు ఆ కోటు. నిలబడే ఉండాలి. ఎండకు వేసినా దండెం మీద భుజాలు సరిచేసి నిలబెట్టే ఆరబెట్టేది. అలా పన్నెండేళ్ళు గడిచాయి. వదినా ఆడపడుచులకు మాటల్లేవు, మూడు గొంతుల పాట ఆ వాకిట్లో మళ్ళీ వినపడలేదు.

అప్పుడు దొరలు దిగారు.

మినదోరా కొడుకు జుంబర్ కూతురు, అయిదేళ్ళ ఇయాకి తట్టు పోసింది. మా వైపు దాన్ని జబ్బు అనరు. సముద్రం అవతలి నుంచి దొరలు వచ్చి పిల్ల ఒంట్లో విడిది చేశారంటారు. దొరలకు మర్యాద చెయ్యాలి. ఎర్రగుడ్డలు కట్టాలి, తేనె, అక్రోట్లు పెట్టాలి. కోడిని కొయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఎవరూ కంటతడి పెట్టకూడదు. పిల్ల ఏదడిగినా అడిగింది దొరలే కాబట్టి లేదనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం పాట. దొరలు మెలకువగా ఉన్నంతసేపూ మూడు గొంతులతో జోల పాడాలి. ఆ జోలలో భయం వినపడిందో, అలిగిపోతారు. ఒంటరిగా పోరు, పిల్లను తీసుకుపోతారు.

మినదోరా, పెలో రెండు గొంతులతోనే రెండు రోజులు నెట్టుకొచ్చారు. మూడో రోజున ఇయా ఒంటి మీద పొక్కులు నల్లబడ్డాయి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. బటూమీ పట్నం నుంచి వచ్చిన కోడలు ఎతేరికి ఈ పాటలు తెలియవు, ఊరికే చేతులు నలుపుకుంటోంది. పళ్ళన్నీ ఊడినా పైగొంతు మాత్రం ఊడని పెలో అవ్వ మంచం పక్కన చేరి మినదోరా చెవిలో ఊదింది.

"పైన నేనున్నాను, కింద నువ్వున్నావు. ఎత్తుకునేదెవరే? గోడా?"

"ఇంకెవరైనా..."

"ఈ జోల ఎత్తుకోవడం వచ్చింది ఊళ్ళో ఒక్కదానికే. వెళ్ళి పిలుచుకురా. నీ పంతాన్ని ఆ మంచులో పాతిపెట్టి మరీ వెళ్ళు."

మోకాటి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళింది మినదోరా. కెసారియా వాకిట్లో కట్టెలు కొడుతోంది. గొడ్డలి ఆపకుండానే అంది:

"దారి తప్పావా వదినా? మీ ఇల్లు అటు కదా."

"ఇయాకి దొరలు దిగారు. ఆయాసం వచ్చేసింది."

గొడ్డలి ఆగింది.

"ఎత్తుకునేవాళ్ళు లేరు" అంది మినదోరా.

"అంటే నా గొంతు కావాలి. నేనక్కర్లేదు."

"నా మనవరాలు నీకూ మనవరాలే కదే."

"పన్నెండేళ్ళకి జ్ఞాపకం వచ్చిందన్నమాట." కెసారియా కొంగున చెయ్యి తుడుచుకుని శాలువా కప్పుకుంది. "పద. పిల్ల కోసం వస్తున్నా, నీ కోసం కాదు. ఆ మేకు వంక మాత్రం నన్ను చూడమనకు."

ఇంట్లో అడుగుపెట్టాక మాత్రం ఇద్దరి మొహాలకూ తేనె పూసినట్టు నవ్వులొచ్చాయి. దొరల ముందు తగువు పనికిరాదు కదా! పెలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా బంగారు వదినా," అంది కెసారియా పసిపాపను లాలిస్తున్నట్టు, "నీ రొట్టె ఇప్పటికీ గుర్రపు డెక్కలాగే గట్టిగా ఉందే, నా తల్లీ."

"నా వెన్నముద్దా," అంది మినదోరా అంతకన్నా తియ్యగా, "నీ నాలుక కన్నా మెత్తగానే ఉంది, తిను."

వీళ్ళకి ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమో అని ఎతేరి తెల్లబోయి చూసింది.

కెసారియా జోల ఎత్తుకుంది. గొంతు కాస్త బొంగురుపోయింది కానీ దారి తప్పలేదు. పెలో పైన సన్నగా అల్లింది. మినదోరా కింది గొంతు పట్టింది. గొంతు అదురుతోంది! పిల్ల ఊపిరి గురగురమన్నప్పుడల్లా ఆ అదురు పొట్టలోంచి పైకి పాకుతోంది. పైగొంతు వణికితే సొగసని సరిపెట్టుకోవచ్చు. కింది గొంతు వణికితే అందరూ పడతారు. పాదాలు నేలకు తన్నిపెట్టి, పిడికిళ్ళు బిగించి, ఆమె ఒకే స్వరం మీద నిలబడింది. నోట్లో జోల, లోపల మాత్రం "తీసుకుపోకండి, తీసుకుపోకండి" అన్న మాటొక్కటే.

మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు వచ్చింది. కమ్యూనిస్టు పార్టీ మనిషి. మామూలు రోజుల్లో దొరలూ గిరలూ అంటే ఉపన్యాసం దంచుతుంది. అలాంటిది గుమ్మం దాటగానే గొంతు తగ్గించి, జేబులోంచి ఒక మిఠాయి తీసి తేనెగిన్నె పక్కన పెట్టింది. పిల్ల వీపు మీద చెవి ఆనించి విన్నది. తరవాత చిలకపలుకులు పలుకుతున్నట్టు నవ్వుతూ చెప్పింది.

"నా చిట్టితల్లికి ఊపిరితిత్తుల్లోకి దిగిందమ్మా, నా బంగారు కొండకి. పెన్సిలిన్ లేకపోతే చాలా కష్టమమ్మా, నా పువ్వులూ. మా దగ్గరేమో నిండుకుందమ్మా."

చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. ఎతేరి నవ్వు మొహంతోనే గోడకు జారబడింది. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. ఆమె పెదవులు సాగదీసి నవ్వుతుంటే మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మందు కోసం జుంబర్ పొద్దున్నే పట్నానికి బయల్దేరాడు. దారి మంచుతో మూసుకుపోయిందని ఊరంతా అనుకుంటోంది, ఇంట్లో మాత్రం ఎవరూ అనరు.

పాట సాగింది. ఇయా మధ్యమధ్య కళ్ళు తెరిచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఎర్ర యాపిల్ అంది, పెలో మనవడి చేత తెప్పించింది. పిల్లి కావాలంది, పిల్లిని పక్కలో వేశారు. పొద్దు వాలుతుండగా పిల్ల మెల్లగా తల తిప్పి గోడ వైపు చూసింది.

"నానమ్మా, చలేస్తోంది. తాతయ్య కోటు కప్పు."

మినదోరా గబగబా ఎర్ర శాలువా అందుకుంది.

"ఎర్ర శాలువా కప్పుతాను తల్లీ. మెత్తగా ఉంటుంది, చూడు..."

"కాదు. అది."

పెలో ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. "అడిగింది పిల్ల కాదే," అంది పళ్ళులేని నోటితో నవ్వుతూ. "లేదనకే పిచ్చిదానా. లేదనకు."

మినదోరా లేచి మేకు దగ్గరకు వెళ్ళింది. చేతులు చాచింది కానీ అవి కోటును తాకలేదు. పడుకోబెడితే ఎర్మిలే చచ్చినట్టే. పన్నెండేళ్ళు నిలబెట్టినదంతా ఒక్క దెబ్బకు కూలినట్టే. అదొక్కటే అయితే ఎలాగో దిగమింగేది. కానీ మంచం మీద పరిచిన ఖాళీ కోటును మా ఊళ్ళో ఎవరు చూసినా ఒకటే అర్థం. అది శవం. ఆ శవాన్ని ఎక్కడ పరచమంటున్నారు? పిల్ల మీదనా? ఒకే మంచం మీద ఇద్దరినీ పడుకోబెట్టమంటున్నారా దొరలు? కప్పితే ఒక భయం, కప్పకపోతే ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక పిల్ల ఊపిరి రంపం కోస్తున్నట్టు వినపడుతోంది. చివరికి ఆ చప్పుడే ఆమె చేతులను ముందుకు తోసింది.

కోటు మేకు దిగింది. ఎంత తేలిగ్గా ఉంది! లోపల మనిషి లేని బరువు అది. ఇన్నేళ్ళూ ఆమె చేతులకు తెలుసు ఆ సంగతి. మంచం దగ్గరకు తెచ్చి పిల్ల గడ్డం దాకా కప్పింది. ఖాళీ చేతులు రెండూ పక్కలకు పడ్డాయి, ఎవరో సర్దినట్టే.

కెసారియా పాట తెగిపోయింది.

మేకు వంక చూడనని వచ్చిన మనిషి ఇప్పుడు మంచం మీద అన్నను చూసింది. నోరు తెరుచుకునే ఉంది, గొంతులోంచి మాత్రం ఏమీ రావడం లేదు. కళ్ళు నిండుకొస్తున్నాయి. ఏడ్చేస్తుంది. ఇంకో రెప్పపాటులో ఏడ్చేస్తుంది. పెలో పైగొంతు పట్టుకునేది లేక గాల్లో తేలి ఆగిపోయింది. ఇంట్లో నిశ్శబ్దం. పొద్దుటి నుంచీ మొదటిసారి. ఇయా కళ్ళు తెరిచి ఒక్కొక్కరి మొహమే చూస్తోంది, ఆ చూపు అయిదేళ్ళ పిల్ల చూపులా లేదు.

"ఎందుకాపారు?" అంది.

ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, ఇప్పుడే. మినదోరా నోరు తెరిచింది. ముందు వచ్చింది గొంతు కాదు, గాలి. తరవాత ఏదో వచ్చింది. సన్నగా, చిరిగిపోయి, ఆమెకే కొత్తగా. ఇదా నా గొంతు? ఇంత ముసలిదా? కింద ఏమీ లేదు. ఎప్పుడూ నేల తనే, ఇప్పుడు తనకే నేల లేదు. జోలలోని మొదటి మాట, రెండో మాట... ప్రతి మాటా నూతి మీద వేసిన పలక మీద అడుగేసినట్టు. భయం వినపడుతోంది, బాగా వినపడుతోంది, దొరలకు వినపడకుండా ఎలా ఉంటుంది? దాన్ని దాచే శక్తి ఆమెకు లేకపోయింది. "విననీ," అనుకుంది. "భయపడుతున్నానని తెలియనీ. నవ్వుతూ అడిగితే ఇవ్వలేదు, ఇలా అడుగుతాను."

నాలుగో మాట దగ్గర కింద ఏదో తగిలింది. మోటుగా, తడబడుతూ, ఎన్నడూ కింద నిలబడడం అలవాటు లేని గొంతు. కెసారియాది. కన్నీళ్ళను మింగి, ఆ మింగిన గొంతుతోనే వదిన కింద నిలబడింది. ఆ పైన పెలో మెల్లగా వాలింది. ఇయా కోటు చెయ్యిని బుగ్గ కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు నిద్రకు మూసుకున్నాయో, ఇంక దేనికి మూసుకున్నాయో తెలియక, ముగ్గురూ పిల్ల పక్కటెముకల మీదే చూపు నిలిపి పాడుతూ పోయారు.

దీపాలు పెట్టే వేళకు జుంబర్ వచ్చాడు. గెడ్డం నిండా మంచు, చంకలో గుడ్డలో చుట్టిన మందు. మంచం మీద పరిచిన తండ్రి కోటు చూసి గుమ్మంలోనే కుప్పకూలిపోయాడు పాపం. "లేవరా, నవ్వు మొహం పెట్టు, పిల్ల బతికే ఉంది" అని పెలో రెక్క పట్టుకుని లేపింది. నర్సు పరుగెత్తుకొచ్చి సూదులు మొదలుపెట్టింది. రెండు రోజులు ముళ్ళ మీద కూచున్నట్టే గడిచాయి. మూడో రోజు పొద్దున ఇయా ఒళ్ళంతా చెమట పట్టి, "ఆకలి" అంది. సూదికి తగ్గిందా పాటకు తగ్గిందా అని మా ఊళ్ళో ఎవరూ వాదులాడరు. రెండూ లేకుండా ఉండి చూద్దామనే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

పొక్కులు రాలిపోయాక దొరలను సాగనంపారు. మొక్కజొన్న బెండ్లతో బండి కట్టి, ఎర్రగుడ్డ పరిచి, అక్రోట్లు, తేనె రొట్టెలు పెట్టి నాలుగు దారుల కూడలి దాకా పాడుతూ తీసుకెళ్ళారు. పెలో నడుం వంచి దండం పెట్టింది. "చాలా సంతోషం దొరలూ. దారి గుర్తుపెట్టుకోకండి" అంది. అందరూ నవ్వారు. చాలా రోజుల తరవాత నిజంగా వచ్చిన నవ్వు అది.

కూడలి నుంచి కెసారియా తన ఇంటి దారి పట్టబోయింది. వెనక నుంచి వదిన గొంతు వినపడింది.

"కెసారియా. ఇంటికి రా."

"ఎందుకు? దొరలు పోయారుగా. ఇప్పుడు తిట్టాలంటే గట్టిగానే తిట్టు."

"రావే" అంది మినదోరా.

ఇంట్లో ఇయా పొయ్యి దగ్గర పిల్లితో ఆడుకుంటోంది. కోటు మళ్ళీ మేకు మీద ఉంది. మినదోరా దాన్ని దించి తన మంచం మీద పరిచింది. గుండీలు పెట్టింది. చేతులు రెండూ పక్కలకు సర్ది, ముడత పడిన కాలరు అరచేత్తో రాసింది. అలా రాస్తూనే మంచం పక్కన నేల మీద కూలబడింది. కెసారియా గుమ్మంలో నిలబడిపోయింది.

"అప్పుడు నిన్ను శోకం ఎత్తుకోనివ్వలేదు" అంది మినదోరా. "ఇప్పుడు ఎత్తుకో. నీ అన్న."

కెసారియా వచ్చి ఆమె పక్కన కూచుంది. భుజానికి భుజం ఆనించింది.

"నీ మొగుడు వదినా. నువ్వే ఎత్తుకోవాలి. నేను కింద ఉంటాను."

మినదోరా భయపడింది. ఆ రోజు పిల్ల మంచం దగ్గర కన్నా ఎక్కువ భయపడింది. ఒకసారి నోరు తెరిస్తే ఇంక అతను తిరిగి రాడు. పక్కన కెసారియా మెల్లగా, మోటుగా, కింది స్వరం పట్టి ఎదురుచూసింది.

"ఎర్మిలే," అని ఎత్తుకుంది మినదోరా, "పన్నెండేళ్ళు నిలబెట్టాను నిన్ను. కాళ్ళు నొప్పెట్టాయేమో. ఇంక పడుకో."